తనిఖీ భోజనం

రేవణ్ణకు తన మారువేషం మీద మహా నమ్మకం. మొదటిరోజే ఆ నమ్మకం కాస్తా గంగలో కలిసింది.

శ్రీశైలం వెళ్ళే దారిలో నిజగుణయ్యస్వామి మఠానికి ఒక అన్నసత్రం ఉంది. అక్కడ వంట చేసే ముసలి గురప్ప, వేళ దాటి వచ్చిన యాత్రికులను తిట్టి తరిమేస్తున్నాడని మఠానికి ఫిర్యాదు వచ్చింది. నిజమైతే అతన్ని పనిలోంచి తీసేయాలి. అబద్ధం నమ్మి తీసేస్తే పాపం, ఆ వయసులో ఉత్తపుణ్యానికి నోటి దగ్గర కూడు పోతుంది. అందుకని స్వామివారు శిష్యుడు రేవణ్ణను పిలిచి, ఎవరో ఏమిటో చెప్పకుండా వెళ్ళి, తిని, చూసి రమ్మన్నారు. అలాంటి పని అతనికి అదే మొదలు.

రేవణ్ణ చిరుగుల పంచె కట్టి, మొహానికి మట్టి పూసుకుని, కుంటుకుంటూ వెళ్ళాడు. గురప్ప నవ్వుతూ ఎదురొచ్చి పీట వేశాడు. గరిటెడు నెయ్యి వడ్డించి, "మఠంలో స్వామివారు కులాసానా అయ్యా?" అని అడిగాడు.

రేవణ్ణ ఉసూరుమంటూ తిరిగొచ్చాడు.

"నా మొహం ఎన్నడూ చూసినవాడు కాదు స్వామీ, ఎలా పసిగట్టాడో! ఈసారి గడ్డం అంటించుకుని వెళ్తాను."

"వెళ్ళేముందు ఏం తిన్నావు?"

"నాలుగు జొన్నరొట్టెలు స్వామీ. అక్కడ ఎలా పెడతారో ఏమోనని."



కొన్నాళ్ళయ్యాక ఒక ఉదయం రేవణ్ణ రొట్టె తుంచబోతుంటే స్వామి వచ్చి, అతని ముందున్న విస్తరి తీసుకెళ్ళి ఆవుకు పెట్టేశారు.

"ఇప్పుడు వెళ్ళు. మొహం కడుక్కుని వెళ్ళు."

కొండదారి, పైన మాడ్చే ఎండ. సత్రం చేరేసరికి పొద్దు వాలింది, పొయ్యి ఆరిపోయింది. రేవణ్ణ కడుపు నకనకలాడుతోంది. కుంటాలని గుర్తు రాలేదు. గురప్ప ఎలా చూస్తున్నాడో గమనించే ఓపికా లేదు. గోడవార కూలబడి, "అన్నం ఏమైనా ఉందా?" అన్నాడు. ఆ గొంతు తనదేనా అని అతనికే జాలేసింది.

"ఇదేమన్నా మీ అత్తారిల్లనుకున్నావా? వేళాపాళా ఉండక్కర్లా?" అని గురప్ప విరుచుకుపడ్డాడు.

మర్నాడు రేవణ్ణ వచ్చి స్వామి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తిట్టాడా?"

"తిట్టాడు స్వామీ. రెండుసార్లు తిట్టాడు."

"తరిమాడా?"



"లేవనిస్తేగా స్వామీ! తన కోసం మూతపెట్టుకున్న అన్నం తెచ్చి నాకు పెట్టాడు. అది తెలిసి, సగం తిని చాలన్నాను. రెండో తిట్టు అందుకు."