నూకరాజు ఐదో మాల

మాల వేయించుకోవడానికి ఎవరు వచ్చినా సింహాద్రి గురుస్వామి ముందు ముఖం చూడడు, పాదాలు చూస్తాడు. దీక్షలో చెప్పులుండవు కనుక పగిలిన మడమనూ దిగిన ముల్లునూ మొదటే పట్టుకోవాలని ఆయన పట్టుదల. మనిషిని పీట మీద కూర్చోబెట్టి, కాలు తన తొడ మీద పెట్టుకుని, అరికాలంతా బొటనవేలితో నొక్కి చూస్తాడు. పెద్దాయన చేత కాళ్లు పట్టించుకోవడమేమిటని కొత్తవాళ్లు హడలిపోతారు. "కొండెక్కేది మెడ కాదు స్వామీ, కాలు" అని మాత్రం అంటాడు.

నర్సీపట్నంలో ఆయన శిష్యుల్లో నూకరాజు పేరు ఆ ఏడు మారుమోగిపోయింది. సిమెంటు కొట్టు నడుపుకునే మనిషి, నలభై ఆరేళ్లవాడు. శివరాత్రికి శివమాల, హనుమజ్జయంతికి ఆంజనేయమాల, దసరాకి భవానీమాల, కార్తీకంలో అయ్యప్పమాల వేశాడు. మధ్యలో ఖాళీ వస్తే ఏదో మొక్కు ఉందని నేల మీదే పడుకున్నాడు. ఊరు చేతులెత్తి మొక్కింది. మొక్కదూ మరి, ఊరి సొమ్మేం పోయింది? పోయేదంతా నూకరాజు భార్య వరహాలుది.

మళ్లీ శివమాలలు వేసే రోజు ముంచుకొచ్చింది. ముందురోజు సాయంత్రం వరహాలు గురుస్వామి దగ్గరికి వచ్చింది. దీక్షలో ఉన్నవాడు ఆడవాళ్లందరినీ మాతా అని పిలవాలి, కట్టుకున్నదానికీ మినహాయింపు లేదు.

"ఏడాదై నన్ను మాతా అంటన్నాడు స్వామీ. నా పేరు మరిసిపోనాడు" అందామె. "దేవుడి మీద నాకేటీ కోపం నేదు. నానంటే ఇష్టం నేక ఏస్తన్నాడా, ఇంకెవత్తయినా ఉందా, అదొక్కటి తెలిస్తే సాలు. రేపు ఐదో మాల మీ సేత్తో ఏసినారంటే సోడవరంలో మా అన్న ఇంటికి ఎల్లిపోతాను. మరి రాను."

గురుస్వామి సర్దిచెప్పలేదు. "సంచీ సర్దుకునే రా తల్లీ. కానీ రా" అన్నాడు.

తెల్లారింది. శివాలయం ముందు డప్పులు దద్దరిల్లుతున్నాయి. కొబ్బరికాయలు టపటపా పగులుతున్నాయి. పెంకులు నాలుగు వైపులా చిమ్ముతుంటే, విభూది పూసుకున్న జనం ఒకరినొకరు తోసుకుంటూ హరహర అని అరుస్తున్నారు. ఆ గోలలో నూకరాజు అందరికంటే ముందు వచ్చి గురుస్వామి చెవి దగ్గర వంగాడు.

"స్వామీ, ఒక ప్రశ్న. మగోడికి ఆ కోరిక దానంతటదే దూరమైపోతే, శరీరం మాట ఇనడం మానేస్తే, అది వైరాగ్యమేనా? శివుడిచ్చిందేనా?"

గురుస్వామి పీట ముందుకు జరిపాడు. "కాలు చూపించు" అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఎవరో కేక వేశారు. కొబ్బరికాయలు కొట్టే రాయి దగ్గర మొదలై మండపం దాకా, తెల్లటి బండల మీద వరుసగా ఎర్రటి పాదం గుర్తులు. ఇంకేముంది, జనం విరగబడ్డారు. ఒకావిడ కుంకుమ పాదాలంది, ఇంకొకాయన అమ్మవారు నడిచి వచ్చిందన్నాడు, సెల్‌ఫోన్లు పైకి లేచాయి. ఆ గుర్తులు వెతుక్కుంటూ పోతే చివరికి నూకరాజు కాలు తేలింది. అరికాల్లో గోరంత కొబ్బరి పెంకు నిలువునా దిగి ఉంది. రక్తం కారుతోంది. నూకరాజు అందరితోపాటు దాన్ని వింతగా చూస్తున్నాడు.

"నాకేటీ తెల్లేదు" అన్నాడు. అంటూనే అతని కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. తన ప్రశ్నకు శివుడే జవాబిచ్చాడనుకున్నాడు పాపం.

"నొప్పే తెలీదంట" అన్న మాట మండపమంతా పాకింది. డప్పులు రెట్టించాయి. ఆడవాళ్లు వచ్చి ఆ రక్తపు కాలికే మొక్కసాగారు. ఎక్కడ పెంకు దిగితే అక్కడ దేవుణ్ని చూసే తొందర మనది, కట్టు కట్టే తొందర కాదు. గుమ్మం దగ్గర సంచీతో నిలబడ్డ వరహాలు ఇదంతా చూసింది. ఇంకొకత్తి ఉంటే జుట్టు పట్టుకునేది. దేవుడే పట్టుకుపోతే ఎవరితో పోట్లాడుతుంది? సంచీ భుజానికెత్తుకుని వెనక్కి తిరిగింది.

"తల్లీ, ఆగు" అన్నాడు గురుస్వామి.

ఆయన నూకరాజును పీట మీద కూర్చోబెట్టి, పెంకు లాగేసి, గాయానికి గుడ్డ చుట్టాడు. తువ్వాలుతో అతని కళ్లు కట్టి, పూజకు తెచ్చిన మారేడు కొమ్మ అందుకున్నాడు. దాని ముల్లు మొనతో రెండో కాలి బొటనవేలి కింద తాకి, "ఎక్కడ గుచ్చుకుంది?" అని అడిగాడు.

"ఏటి స్వామీ గుచ్చుకుంది?"

జనం మళ్లీ హరహర అన్నారు. గురుస్వామి ముల్లును మడమ వైపు జరిపాడు. నూకరాజు తల అడ్డంగా ఊపాడు. ఇంకోచోట తాకాడు. ఈసారి హరహర అన్నవాళ్లు తగ్గారు. డప్పు కొట్టేవాడు చెయ్యి దించేశాడు.

గురుస్వామి కళ్లకు కట్టిన తువ్వాలు విప్పి, వంగి, అతనికొక్కడికే వినబడేలా అడిగాడు: "కాళ్లు ఇలా మొద్దుబారి ఎన్నాళ్లైంది?"

"ఏడాదై ఉంటది."

"మరి నువ్వు అడిగింది?"

నూకరాజు తన కాలి వంక చూశాడు. "అదీ ఏడాదే" అన్నాడు.

గురుస్వామి పళ్లెంలో ఉన్న మాల తీసి తన సంచిలో వేసుకున్నాడు. "ఆటో పిలవండి. తల్లీ, నువ్వూ ఎక్కు" అన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు పుండు చూసి, రక్తం తీయించాడు, సుగరు బాగా ఎక్కువుందని తేలింది. నూకరాజు పెంకు కథ చెప్పి ఊరుకోబోయాడు. "ఇంకో ప్రశ్న కూడా ఉంది డాక్టరుగారూ, ఆయనే అడుగుతాడు" అని గురుస్వామి లేచి వరండాలోకి వెళ్లిపోయాడు. భార్య పక్కన ఉండగా, నూకరాజు చెమటలు కక్కుకుంటూ ఆ ప్రశ్న అడిగాడట.

డాక్టరు నవ్వలేదు, ఆశ్చర్యపోనూ లేదు. అలసిపోయినప్పుడో, మనసు బాగోనప్పుడో ఎప్పుడైనా అలా జరగడం అందరికీ ఉన్నదే అన్నాడు. వయసు పెరిగేకొద్దీ కాస్త నిదానం కావడమూ సహజమే, దానికి బెంగ అక్కర్లేదు. కానీ వారాలూ నెలలూ అదే పరిస్థితైతే దాచుకోకూడదు. కాలి నరాన్ని తినే సుగరే ఆ నరాన్నీ తింటుంది, అక్కడి సన్నటి రక్తనాళం మూసుకుపోతుంటే గుండె వైపుదీ ఓసారి చూసుకోవాలి. ఛాతీలో నొప్పి వస్తోందా, బీపీ మందులేమైనా వాడుతున్నావా అని అడిగాడు. బస్టాండు పక్క డేరాలో కొన్న లేహ్యం సంగతి బయటపడగానే మాత్రం గట్టిగా చీవాట్లు పెట్టాడు. సుగరు అదుపులోకి రానీ, గుండె పరీక్ష కానీ, ఆ తర్వాత దీనికీ మందులున్నాయి, చాలామందికి గుణం కనిపిస్తుంది అన్నాడు.

బయటికి వచ్చేసరికి నూకరాజు ముఖం చూడాలి. సుగరుందని తెలిసి అంత సంతోషించినవాడు ఆ తాలూకాలో ఇంకొకడు ఉండడు. వరహాలు కళ్లు తుడుచుకుంటోంది, కోపంగా కూడా ఉంది.

"ఇంత సిన్న మాట నాతో సెప్పడానికి నోరు రానేదు గానీ, నాలుగు మాలలు ఏసేసినాడు స్వామీ" అంది.

"అది కాదు మాతా..." అన్నాడు నూకరాజు.

ఆమె సంచీ కింద పెట్టి అతని వైపు చూసింది. ఆ చూపుకి అతను తడబడి, నాలుక కరుచుకుని, ఏడాది తర్వాత మొదటిసారి ఆమెను పేరు పెట్టి పిలిచాడు.

"వరాలూ."

ఆమె సంచీ తీసి అతని చేతికిచ్చింది. కాలికి కట్టుతో, భుజాన భార్య సంచీతో కుంటుతూ నాలుగడుగులు వేసి, నూకరాజు ఆగి వెనక్కి తిరిగాడు.

"స్వామీ, నానడిగినదానికి మీరు జవాబు సెప్పనేదు."

గురుస్వామి వరండా మెట్ల మీద కూర్చుని తన అరికాలు తాను చూసుకుంటున్నాడు. తలెత్తలేదు.

"ఉన్నదాన్ని వదిలితే కదా వైరాగ్యం. పోయినదాన్ని ముందు వెతుక్కో నూకరాజూ. దొరికాక, వదలాలో అక్కర్లేదో వరహాలమ్మను అడుగు."