సుంకన్న ఎదురుచూసిన గద్ద

కర్నూలు వైపు గడ్డిమైదానాల్లో కాపలా కాసే సుంకన్న అనే ఫారెస్టు వాచరుకు, పక్షి ఎంత పెద్దదో చూడటమే తప్ప అది ఎలాంటిదో చూసే అలవాటు ఉండేది కాదు.

దానికి కారణం ఉంది. సుంకన్నకు ఆరేళ్లప్పుడు వాళ్ల నాన్న అతన్ని భుజాల మీద ఎక్కించుకుని, ఒక చలికాలపు పొద్దున ఆ మైదానంలో ఒక గద్దను చూపించాడు. "చూడు నాయనా, ఇది మన వైపుది కాదు. చలికాలంలో ఎక్కడినుంచో వస్తుంది" అన్నాడు. అది రెక్కలు విప్పితే సగం ఆకాశం మూసుకుపోయినట్టు అనిపించింది. ఆ ఎండాకాలమే నాన్న చనిపోయాడు. ఆయన ముఖం కూడా సుంకన్నకు సరిగా గుర్తులేదు. గద్ద ఒక్కటే గుర్తుంది.

దాన్ని మళ్లీ చూడాలనే అతను ఆ ఉద్యోగంలో చేరాడు. ఇరవై రెండేళ్లు ఎదురుచూశాడు. అది వచ్చి వాలుతుందని గుడిసె ముందు ఎత్తయిన గుంజ ఒకటి పాతాడు. ఆ గుంజ మీద చిన్న పక్షి ఏది వాలినా మట్టిపెళ్ల విసిరి తోలేవాడు. "ఇది నీకోసం కాదు, పో" అనేవాడు.

ఒక ఏడాది కార్తీకమాసంలో ఒక గద్ద వచ్చి గుంజ మీద వాలింది. ఊళ్లో తిరిగే గద్ద కంటే పెద్దదేమీ కాదు. తోలితే పోయేది, కాసేపటికి మళ్లీ వచ్చేది. చలికాలమంతా సుంకన్న దాన్ని తోలుతూనే ఉన్నాడు. చివరికి ఒకరోజు పెళ్ల దాని రెక్కను రాసుకుంటూ పోయింది. అది లేచి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

వారం తర్వాత పక్షులను పరిశీలించే రజియా మేడమ్ ఆ మైదానానికి వచ్చింది. సుంకన్న తన చిన్ననాటి గద్ద సంగతంతా చెప్పి, "అంత పెద్ద గద్ద పేరేంటి మేడమ్?" అని అడిగాడు.

"పెద్దది అన్న మాట పక్కన పెట్టండన్నా. ఆకాశంలో పోల్చుకోవడానికి పక్కన ఇంకేదీ ఉండదు. అందుకని కళ్లు మోసపోతాయి. దాని రంగు ఏమైనా గుర్తుందా?"

సుంకన్న కళ్లు మూసుకున్నాడు. చాలాసేపటికి నాన్న వేలు గుర్తుకొచ్చింది. ఆ వేలు చూపించినవి గుర్తుకొచ్చాయి.

"తోక ఇటుక రంగు. రెక్క విప్పితే అడుగున, మడత దగ్గర నల్ల మచ్చ" అన్నాడు.

రజియా తన పుస్తకంలో ఒక బొమ్మ తీసి చూపించింది. "ఇదే అయ్యుంటుంది. ఇది కుందేళ్లను వేటాడే పెద్ద డేగల జాతి కాదు. ఎలుకల్నీ తొండల్నీ పట్టి తినే మధ్యరకం గద్ద. మామూలు గద్దకూ దీనికీ ఒంట్లో పెద్ద తేడా ఉండదు."

"కాదు మేడమ్. నేను చూసింది చాలా పెద్దది."

"అప్పుడు మీ వయసెంత?"

"ఆరేళ్లు" అన్నాడు సుంకన్న.

రజియా పుస్తకాన్ని అతని చేతిలో పెట్టింది. సుంకన్న బొమ్మనే చూస్తూ ఉండిపోయాడు. ఇటుక రంగు తోక. నల్ల మచ్చ. పెళ్ల తగిలి గుంజ మీంచి లేచిపోయినప్పుడు ఆ గద్ద రెక్క కింద కనబడిందీ ఆ మచ్చే, దాని తోకదీ ఆ రంగే.

"అది వచ్చింది మేడమ్. నాలుగు నెలలు నా ఎదురుగానే కూర్చుంది. నేనే కొట్టి తోలాను" అన్నాడు.

ఇద్దరూ రెండు రోజులు మైదానమంతా వెతికారు. చలి తగ్గిపోయింది. ఆ గద్దలు ఉత్తరానికి తిరిగి వెళ్లిపోయే కాలం వచ్చేసింది.

మరుసటి చలికాలం అలాంటిది ఒక్కటీ రాలేదు. ఆ పైఏడూ రాలేదు. సుంకన్న రాళ్లూ పెళ్లలూ ముట్టుకోవడం మానేశాడు. ఎంత చిన్న పక్షినైనా తోక, రెక్క, నడక చూసి గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. మూడో ఏడు ఒక పొద్దున, దూరంగా పుట్ట మీద ఒక గద్ద కనబడింది. అది రెక్క విప్పినప్పుడు నల్ల మచ్చ చూశాడు. బెదిరిపోతుందేమోనని దగ్గరికి వెళ్లలేదు. అది ఎగిరిపోయేదాకా అక్కడే నిలబడి, "నాన్నా" అని మెల్లగా అనుకున్నాడు.

మనసులో పెంచుకున్న కొలతతో లోకాన్ని కొలిచేవాడు, కోరుకున్నదే వచ్చి ఎదుట వాలినా గుర్తించలేక పోగొట్టుకుంటాడు.