ఏనుగు మింగిన గింజ

అల్లరి మాని వినండి పిల్లలూ. కొండల నడుమ ఒక రాజ్యం, దానికొక రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. కడగొట్టువాడి పేరు వినయుడు.

అక్కడి అడవిలో చెట్లకు నిండా ముళ్లుండేవి, ఏనుగులు మేస్తాయి గనుక. బెరడు బెత్తెడు మందాన ఉండేది, ఏటా నిప్పు పాకుతుంది గనుక. శివరాత్రి వెళ్లగానే గూడెంవాళ్లు చిన్న మంట పెడితే పాతగడ్డి కాలి కొత్తగడ్డి చిగిర్చేది.

ఒకనాడు ధూమ్రకేశుడనే మాంత్రికుడు వచ్చాడు. "రాజా, ముళ్లూ మసీ లేని అడవి నీకిస్తాను. ఏనుగుల్ని తరిమెయ్యి, మంట మాన్పించు" అన్నాడు.

సుఖానికి ఆశపడి రాజు సరేనన్నాడు. ఏనుగుల్ని ఏడు సముద్రాల అవతలికి తోలించాడు, ఏటి మంట మాన్పించాడు. చెట్లు ముళ్లు రాల్చుకున్నాయి. బెరడు ఉల్లిపొరలా పలచబడింది. నీడ కమ్మి గడ్డి చచ్చింది, గడ్డి లేక ఆవులు చచ్చాయి. అప్పుడు మాంత్రికుడు రాజును చెరలో వేసి సింహాసనమెక్కాడు.

"నా ప్రాణం అడవి నడుమ ఒక కాయలో, దాని గింజలో ఉంది. చేతనైతే పగలగొట్టండి" అని రాజు కొడుకుల్ని చూసి నవ్వాడు.

పెద్దవాడు గొడ్డలితో కొట్టాడు. కొట్టినచోటే చెట్టైపోయాడు. రెండోవాడు రోకలితో కొట్టాడు. వాడూ చెట్టైపోయాడు. వినయుడు చెయ్యెత్తలేదు. గూడెం పెద్దాయన కూతురు సోములమ్మ దగ్గరికి వెళ్లి దారి అడిగాడు.

"కొట్టడం తప్ప మీ కోటలో ఇంకేమీ నేర్పరా దొరా?" అంది సోములమ్మ. "ఆ గింజ ఏనుగు కడుపులో నానాలి. తరువాత నిప్పుసెగ తగలాలి. మొలకెత్తిందా, వాడి ప్రాణం పోతుంది. అందుకేగా వాడు ఆ రెంటినీ లేకుండా చేసింది!"

వినయుడు ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, ఏడూ దాటాడు. ముసలి ఏనుగు ముందు సాగిలపడ్డాడు.

"ఆనాడు మీ నాయనకు బరువయ్యాం. ఈనాడు తేలికయ్యామా?" అంది ఏనుగు.

"తప్పు మాదే తాతా. శిక్ష వెయ్యి, కాని రా."

ఏనుగు అతణ్ణి వీపునెక్కించుకుని మందతో ఈదుకొచ్చింది. కాయ మింగింది. మూడోనాడు పేడలో గింజ పడింది. ఇక నిప్పు పెట్టాలి. పక్కనే, పలచని బెరడుతో, అన్నలిద్దరూ నిలబడి ఉన్నారు. వినయుడు కొరివి దించేశాడు.

"మా అన్నలు కాలిపోతారు సోములమ్మా."

"పెట్టకపోతే ఆకు మీద ఆకు పేరుకుని, నడివేసవిలో ఒక్క రవ్వకు అడవంతా పోతుంది. అప్పుడు వాళ్లూ మిగలరు. భయపడు, తప్పులేదు. పద్ధతి మాత్రం తప్పకు."

నిప్పు దాటిపోకుండా ఏనుగులు చుట్టూ ఎండుటాకులు తొక్కి బాట తీశాయి. వినయుడు అన్నల మొదళ్ల దగ్గర గోళ్లు అరిగేదాకా ఊడ్చాడు. పొద్దు పొడవగానే, మంచు ఆరకముందే, గాలికి ఎదురుగా నిప్పు పెట్టాడు. మంట మోకాలు దాటలేదు. గింజ చిట్లి మొలక తలెత్తింది. కోటలో మాంత్రికుడు కుప్పకూలాడు. అన్నలు మనుషులయ్యారు. పెద్దవాడి పాదం మాత్రం కాలింది. బతికినన్నాళ్లూ కుంటుతూనే నడిచాడు గాని, తమ్ముణ్ణి ఒక్కమాట అనలేదు.

చెర వీడిన రాజు కిరీటం తీసి ఏనుగు ముందు తలవంచాడు. "కష్టాన్ని తరిమేశాననుకున్నాను. దాని వెనకే బలమూ పోయింది" అన్నాడు.

వినయుడు సోములమ్మను పెళ్లాడి అరవై ఏళ్లు రాజ్యమేలాడు. ఆ ఏలుబడిలో కాలికి ముల్లు గుచ్చుకుని పిల్లలు ఏడవలేదని కాదు, ఏడ్చారు. కాని ఆ చెట్టు కొట్టెయ్యమని ఏ తల్లీ అనలేదు.