చలివేంద్రం లేని బాట

ఈ కథలో ఒక్క అక్షరం అబద్ధమైనా నాకు మిగిలిన రెండు పళ్ళూ ఈ క్షణమే రాలిపోవాలి. తక్కిన ముప్ఫై ఇదివరకు చెప్పిన కథల్లో రాలిన మాట నిజమే కానీ, వాటికీ దీనికీ పోలిక లేదు. ఇది అచ్చంగా జరిగింది.

నడిమిసీమ రాజ్యంలో లింగాంబ అనే గురువమ్మ ఉండేది. ముగ్గురు రాజులకు సంధిపత్రాలు రాసిపెట్టిన చెయ్యి ఆవిడది. ఆవిడ కనుబొమ ముడిస్తే పొరుగు రాజుల లాయాల్లో గుర్రాలు మేత మానేసేవి. పెద్దతనాన కొలువు చాలించుకుని ఊరి చివర పెంకుటింట్లో నలుగురికి చదువు చెప్పుకుంటూ గడిపేది. ఆవిడకొక అలవాటు. ఎవరేం అడిగినా జవాబు చెప్పదు, అడిగినవాడి చేతికి ఏదో ఒక పని తగిలిస్తుంది. ధర్మమంటే ఏమిటని అడిగిన పుణ్యాత్ముడొకడు ఆరు నెలలు ఆవిడ పెరటి బావిలో పూడిక తీశాడు. ధర్మం సంగతి తెలియదు కానీ, ఆ బావి మాత్రం మళ్ళీ ఎండలేదు.

రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఏడాది రోకళ్ళు కూడా పగిలి, ఊళ్ళో ఆడవాళ్ళు వడ్లను పిడికిళ్ళతో దంచుకున్నారు. అలాంటి ఎండలో, పొద్దు బారెడెక్కాక, బాచన అనే శిష్యుడు తల మీద ఉత్తరీయం కప్పుకుని గురువమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. అతని నడుము పంచెలో ఒక తాటాకు పత్రం దోపి ఉంది. గుండెలో ఒక ములుకు దిగి ఉంది.

బాచన చింతన సత్రంలో పండితుడు. రేవుసీమ నుంచి సముద్రపు ఉప్పు తెచ్చి అమ్మే కామిశెట్టి కట్టించిన సత్రం అది. అందులో పన్నెండుమంది పండితులు. పొరుగు రాజ్యాలతో ఎలా మెలగాలో ఆలోచించి రాజుకు సలహా రాయడమే వాళ్ళ పని. వాళ్ళకు వేసే నెయ్యికి విస్తట్లో అన్నంతో గట్టు కట్టుకోకపోతే ఊరి మీద పడేది. కామిశెట్టి ఏనాడూ ఇలా రాయండి, అలా రాయండి అన్నవాడు కాడు. నెలకొకసారి వచ్చి, చెప్పులు వాకిట్లో విడిచి, "నెయ్యి సరిపోతోందా బాబూ?" అని అడిగి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవాడు.

ఆ పన్నెండుమందికీ ఏ విషయంలోనూ పొసగదు. ఈగ ముందు ఎడమ కాలు కడుక్కుంటుందా, కుడి కాలు కడుక్కుంటుందా అని పదకొండు రోజులు వాదించుకున్నవాళ్ళు. అటువంటివాళ్ళు వేరువేరు గదుల్లో తలుపులు వేసుకుని రాసిన పన్నెండు పత్రాల్లోనూ ఈసారి ఒక్కటే మాట వచ్చింది: పడమటి గుట్టసీమవాళ్ళు నమ్మదగినవాళ్ళు కారు, వాళ్ళకూ మనకూ మధ్యనున్న కనుమ మూసెయ్యాలి. మూసేస్తే అక్కడి రాతి ఉప్పు ఇటు రాదు, ఇక్కడి జొన్నలు అటు పోవు. గుట్టసీమలో వానలు పడని ఏడు అది.

మర్నాడు ఉదయమే సభ. పన్నెండు గొంతులూ కలిస్తే రాజు ముద్ర వేస్తాడు. ఒక్క గొంతు తగ్గినా సంగతి వచ్చే అమావాస్యకు వాయిదా. అయితే సభనాడు పత్రం చదవనివాడికి మరి సత్రంలో విస్తరి వెయ్యరు. బాచన ఇంట్లో అతనిది కాక ఐదు కంచాలు. ఐదూ ఆ సత్రం బియ్యంతోనే నిండుతున్నాయి.

ఇంతకీ ములుకు దించినది ఊరగాయలమ్మే పేరమ్మ. ఆ పొద్దున సంతలో అతన్ని చూసి, "రావయ్యా పంతులూ! కనుమ మూయిస్తున్నావటగా. సత్రంలో ముద్ద మింగి సభలో మాట కక్కుతావన్నమాట!" అంది.

"ఆ మాట నాది పేరమ్మా. ఎవరూ చెప్పి రాయించలేదు," అన్నాడు బాచన, కొంచెం గట్టిగానే.

"అవునవును. మా కోడలికి మాత్రం ఎవరు చెప్పారు? పుట్టింటి నుంచి పట్టుచీర వచ్చిన పూటే, అత్త గయ్యాళిదని దానంతటదే కనిపెట్టింది."

సంత సంతంతా నవ్వింది. ఆ నవ్వు అదురుకు మూడు కావిళ్ళ కుండలు బీటలిచ్చాయి. బాచన మటుకు నవ్వలేకపోయాడు. తిన్నగా గురువమ్మ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా," అన్నాడు, "అన్నం పెట్టినవాడు ఒక్క మాటా చెప్పలేదు. అయినా తిన్నవాడు పలికే మాట ఎవరిది?"

లింగాంబ చింతపండు పిక్కలు తీస్తోంది. తలెత్తకుండా పక్కనున్న ఇత్తడి చెంబు అతని వైపు దొర్లించింది. "గిన్నెలు తోముకోడానికి ఇసుక లేదురా బాచా. ఏటి ఇసుక చెంబెడు పట్టుకురా."

ఆవిడ ఇంటి ముందే బాట రెండుగా చీలుతుంది. తూర్పు బాట రేవుసీమకు, పడమటి బాట గుట్టసీమకు. ఏరు కొడవలిలా వంగి రెండు బాటలనూ కోసుకుంటూ పోతుంది. ఎటు నుంచి వెళ్ళినా ఇసుకకు అరకోసే దూరం. బాచన చెంబు పట్టుకుని, రేపటి పత్రాన్ని మనసులో వల్లించుకుంటూ, తల వంచుకుని నడిచాడు. నేల పెనంలా ఉంది. పైన ఎగిరే కాకులు వేగి, కిందికి వడియాల్లా రాలుతున్నాయి.

సగం దారిలో కామిశెట్టి వేయించిన చలివేంద్రం వచ్చింది. తాటాకు పందిరి, తడి ఇసుకలో కుదురుగా కూర్చోబెట్టిన కుండలు, అల్లమూ కరివేపాకూ నలిపి వేసిన మజ్జిగ. బాచన రెండు ముంతలు తాగాడు. బల్ల మీద కూర్చున్న బాటసారులు మాట్లాడుకుంటున్నారు.

"గుట్టసీమవాళ్ళా? అమ్మో! నవ్వుతూనే గొంతు కోస్తారు."

బాచన లోలోపల మురిసిపోయాడు. అతని పత్రంలో ఏడో పంక్తి సరిగ్గా అదే. లోకమంతా తనలాగే ఆలోచిస్తోందన్న ధైర్యంతో ఏటికి వెళ్ళి, ఇసుక నింపుకుని, అదే దారిన తిరిగి వచ్చి, చెంబు గురువమ్మ ముందు పెట్టాడు.

"ఏ బాటన వెళ్ళావు?" అంది ఆవిడ.

"తూర్పు బాటన."

"వచ్చిందీ?"

"అదే బాటన."

"నిన్ను అటు పొమ్మని కామిశెట్టి కబురు పెట్టాడా?"

"లేదమ్మా. చలివేంద్రం ఉంది కదా అని…" అన్నాడు బాచన. నిజానికి అలా అనుకుని బయలుదేరలేదు. అసలేమీ అనుకోలేదు. కాళ్ళే తిరిగాయి.

"పడమటి బాటన ఏముందిరా?"

"ఏముంటుందమ్మా, ముళ్ళూ దొంగలూ తప్ప."

"ఎప్పుడు చూశావు?"

"నేను చూడలేదు. అందరూ అంటారు."

"ఎవరా అందరూ? ఎక్కడ కూర్చుని అంటారు?"

బాచనకు నిరుటి రోహిణి గుర్తొచ్చింది. అదే పందిరి, అదే బల్ల, చేతిలో అదే ముంత. ఏడో పంక్తిని తను మొదటిసారి విన్నది అక్కడ. పన్నెండుమందీ తలుపులు వేసుకునే రాశారు, నిజమే. కానీ తలుపులు వేసుకోక ముందు ఆ పన్నెండుమందిలో ఒక్కడైనా పడమటి బాట తొక్కాడా అని వెతుక్కున్నాడు. ఒక్కడూ దొరకలేదు.

"అయితే ఆ మజ్జిగ తాగడం పాపమా అమ్మా?" అన్నాడు.

"ఛీ, నోరు కడుక్కో! ధర్మాత్ముడు పోయిస్తున్న మజ్జిగ. మొన్న నేనూ రెండు ముంతలు తాగాను. అల్లం ఒక పిసరు ఎక్కువైంది, అంతే."

"మరి రేపు పత్రం చదవనా, మాననా?"

ఆవిడ జవాబు చెబితే లింగాంబ ఎందుకవుతుంది? లేచి లోపలికి వెళ్ళి, గూట్లోంచి ఎండిన సొరకాయ బుర్ర తీసి, కడవలో ముంచి నింపి, మూతి బిగించి తీసుకొచ్చింది.

"నా గంజిలోకి ఉప్పు లేదు. గుట్టసీమలో ఏ ఇంటివాళ్ళనైనా అడిగి చిటికెడు పట్టుకురా."

"గుట్టసీమ రెండు రోజుల నడక అమ్మా! రేపు తెల్లవారితే సభ!"

"నా గంజి నాలుగు రోజులు చప్పగా ఉన్నంత మాత్రాన నేను చావను."

"ఇంట్లో ఐదు కంచాలమ్మా," అన్నాడు బాచన. ఈసారి గొంతు పండితుడిది కాదు, పిల్లల తండ్రిది.

"వాళ్ళను నా ఇంటికి పిలిపిస్తాను. అదే గంజి ఆరుగురం తాగుతాం. చప్పగంజి పిల్లలు మూతి విరుస్తారు, తొందరగా రా మరి."

బాచన చాలాసేపు గడప దగ్గరే నిలబడ్డాడు. ఎంతసేపంటే, పక్క గోడ మీద తొండ ఒకటి మూడుసార్లు కుబుసం విడిచింది. ఆఖరికి నడుములోంచి తాటాకు పత్రం తీసి, ఆవిడ చింతపండు చేట పక్కన పెట్టాడు. చీలిక దగ్గరకు వెళ్ళగానే కాళ్ళు పాత అలవాటున తూర్పుకు లాగాయి. మొండి ఎద్దు మెడ తిప్పినట్టు వాటిని పడమటికి తిప్పుకున్నాడు.

"ఒరే, బుర్ర మరిచిపోయావు!" అని వెనక నుంచి కేకేసి, గురువమ్మ దాన్ని తెచ్చి అతని భుజానికి తగిలించింది.

"ఆ బాటన పోసేవాళ్ళు లేరు నాయనా. నీ నీళ్ళు నువ్వే మొయ్యాలి. ఉప్పు ఇచ్చినావిడ నవ్విందో లేదో కూడా చూసి రా."