కోటిలింగం ముక్కుకి మత్తు డాక్టరు

ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని కోటిలింగం కుటుంబానికి గట్టి నమ్మకం. బయటికి పోతుందేమోనని పట్టపగలు కూడా కిటికీలు మూసి ఉంచేవాళ్ళు. ఉండేది కోటిలింగం, భార్య తాయారమ్మ, ఆవిడ తమ్ముడు బంగార్రాజు. ముగ్గురికి అంత తెలివి ఎక్కువేనండి, నన్నడిగితే.

కోటిలింగం ముక్కు ఎడమకి వంకర. ఫొటోలో ఆయన మనల్ని చూస్తే ముక్కు పక్కవాణ్ణి చూసేది. సరిచేయించుకుంటానన్నాడు.

పక్కింటి నర్సు సత్యవేణి చెప్పింది. "అన్నయ్యగారూ, ముందు మత్తిచ్చేది ఎవరో చూసుకోండి. చెయ్యి తిరిగిన డాక్టరై ఉండాలి. లేకపోతే పడుకున్న మనిషి లేవడు."

అంతే, ఆ చెయ్యి సంగతి తనే చూసుకుంటానంది తాయారమ్మ.

మొదటి క్లినిక్‌లో, "మత్తు మా కాంపౌండరే ఇచ్చేస్తాడు" అన్నారు.

"ఏదీ, చెయ్యి తిప్పు నాయనా" అంది తాయారమ్మ. పాపం, అతనికి మణికట్టు బెణికి కట్టు కట్టి ఉంది. తిరగలేదు. ఇంకేముంది, లేచొచ్చేశారు.

పెద్దాసుపత్రిలో డాక్టరు హైమవతిగారు మత్తివ్వడమే చదువుకున్నావిడ. టైమెంతైందోనని చెయ్యి తిప్పి గడియారం చూసుకుంది.

"తిరిగిందక్కా" అన్నాడు బంగార్రాజు. ఖాయం చేసేశారు.

"రేప్పొద్దున మంచినీళ్ళు కూడా ముట్టుకోకుండా రండి" అందావిడ. కోటిలింగం వేలు తగలనిస్తే ఒట్టు. బంగార్రాజు చెంబెత్తి నోట్లో పోశాడు. ఇడ్లీలు తాయారమ్మ తినిపించింది.

ఆ మాట విని డాక్టరమ్మ ఆపరేషన్ ఆపేసింది. "కడుపు నిండా ఉండగా మత్తిస్తే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుందమ్మా, మనిషి దక్కడు. రేపు ఏమీ మింగకుండా రండి." మర్నాడు కోటిలింగం ఉమ్ము కూడా మింగలేదు. నాలుగు తువ్వాళ్ళు తడిశాయి.

ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరమ్మ నాడి చూసి, "మత్తు దిగుతోంది. పేరు పెట్టి పిలుస్తూ ఉండండి, లేస్తారు" అని పక్క మంచం దగ్గరికెళ్ళింది.

"మొగుడి పేరు నేను పలకనని ఆవిడకెలా తెలిసిందిరా?" అంది తాయారమ్మ. "అందుకే కొత్త పేరు పెట్టమంటోంది."

బంగార్రాజు బాగా ఆలోచించి "శోభనాద్రి" అన్నాడు.

"బాగుంది. శోభనాద్రిని నేను పెళ్ళాడలేదు, పలకొచ్చు."

చెవిలో మూడుసార్లు చెప్పి పేరు పెట్టేశారు. ఇక పిలుపులు. శోభనాద్రిగారూ అని ఆవిడ, శోభనాద్రి బావా అని వాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. తాయారమ్మ భోరుమంది. బంగార్రాజూ అందుకున్నాడు.

ఆ గోలకి కోటిలింగం కళ్ళు తెరిచాడు. కాసేపు విన్నాడు.

"ఎవరే ఆ శోభనాద్రి? లేవడం లేదా?"

"లేవడం లేదండీ" అంది తాయారమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

"అయ్యో పాపం" అని కోటిలింగం కూడా ఏడవడం మొదలెట్టాడు.