వెనక స్పీకర్లు

ఒక ఊళ్ళో నరసరాజుగారు హాలు చుట్టూ ఐదు స్పీకర్లు పెట్టించి, మెకానిక్కు చిట్టెబ్బాయి చేత, ఏ శబ్దం ఏ స్పీకరుకు వెళ్ళాలో పంచే డీకోడరుకు కలిపించారు. కుమ్మరివీధి ఖాళీ చేయమని తాను తీర్పు చెప్పిన సభను ఆయన నాలుగువైపులా మైకులతో రికార్డు చేయించుకున్నారు. అది పెడితే వెనక స్పీకర్లు పలకలేదు.

"వైరు సరిగా కలపలేదురా. అవి పలికేదాకా నీ పనిముట్ల సంచి ఇవ్వను," అన్నారు.

ఆ సంచే అతని తిండి. చిట్టెబ్బాయి ఒక సినిమా పెట్టాడు. వెనక నుంచి వాన కురిసింది. మళ్ళీ సభ పెట్టాడు. వెనక ఏమీ లేదు.

"వైర్లు బాగానే ఉన్నాయండి. ఆ రోజు వెనక మైకు దగ్గర నిలబడ్డది మా కుమ్మరివీధి వాళ్ళమేనండి. ఎవరం నోరెత్తలేదు. లేని గొంతు నేనెక్కణ్ణించి తెచ్చి కలపను?"

రాజుగారు సంచి ఇచ్చేశారు. చిట్టెబ్బాయి దాన్ని భుజాన వేసుకుని, ఇళ్ళు లేని కుమ్మరివీధి మీదుగా వెళ్ళిపోయాడు.