తొలి వంతు ఎవరిది?

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వరాలనే కుందేలు. కుందేళ్ళన్నిటికీ చెవులు పొడుగైతే, వరాలుకి నోరు కూడా పొడుగే. "ఏం చెయ్యను? నా నోటికి తలుపు పెట్టడం దేవుడు మరిచిపోయాడు" అని తనే నవ్వేసేది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. అడవంతటికీ ఒక్క మడుగే మిగిలింది. వరాలు పిల్లలకి నాలుకలు పిడచగట్టుకుపోతున్నాయి. అలాంటప్పుడు మడుగుకి పెద్దగా ఉన్న ముసలి ఏనుగు కన్నుమూసింది. ఎవరెప్పుడు తాగాలో చెప్పే కొత్త పెద్దని ఎన్నుకోవాల్సొచ్చింది.

పోటీకి ఇద్దరు దిగారు. తాబేలు సోమయ్య ఒక్కటే మాటన్నాడు. "వంతులేసుకుని తాగుదాం. అందరికీ సరిపోతాయి." విన్నవాళ్ళు ఆవులించారు.

తోడేలు భూపతి అలా కాదు. వడ్రంగిపిట్టల్ని పెట్టి చెట్టుచెట్టుకీ తన బొమ్మ చెక్కించాడు. బొమ్మలో నోట్లో గడ్డిపరక, ఒళ్ళో లేడిపిల్ల. "పళ్ళు కనపడకుండా ఎంత బాగా నవ్వాడో!" అని వరాలే మురిసిపోయింది. తర్వాత భూపతి పొదపొదకీ గోరింకల్ని పంపాడు.

వరాలు పొద మీద వాలిన గోరింక అచ్చం భూపతి గొంతుతో చెప్పింది. "వరాలమ్మా, నేను గెలిస్తే తొలి వంతు నీదే. తెల్లారకముందే పిల్లలతో వచ్చి తాగిపో. ఇది నీకు మాత్రమే. ఎవరికీ చెప్పకు."

"భూపతి మావకి నా పేరు కూడా తెలుసు!" వరాలు పొంగిపోయింది. నోరు మూసుకుంటే తొలి వంతు. విప్పితే అదీ పోవచ్చు. మూసుకుందామనే అనుకుంది. అనుకుంటూనే జింక సుభద్ర దగ్గరికి పరుగెత్తింది.

"వదినా, ఎవరికీ చెప్పకేం! తొలి వంతు నాదేనట!"

సుభద్ర మూతి ముడిచింది. "చాల్లే బడాయి! తొలి వంతు నాది. గోరింక నా చెవిలో చెప్పింది."

పక్క నీడలో పడుకున్న దున్న నూకయ్య గుర్రుమన్నాడు. "ఇద్దరూ కలలు కంటున్నారా? తొలి వంతు నాకిచ్చాడు."

వరాలు చెవులు వాలిపోయాయి. "అయితే బావా, వెర్రివాళ్ళలో తొలి వంతు మాత్రం మన ముగ్గురిదీ!"

వెంటనే కొమ్మ మీది గోరింకని పిలిచింది. "అమ్మా, నాది మట్టిబుర్ర. మళ్ళీ చెప్పవూ? ఒక్క ముక్క వదలకుండా, మొదటినుంచీ!"

గోరింకకి విన్నది అప్పజెప్పడమే తెలుసు. ఏది దాచాలో తెలీదు. గొంతు సవరించుకుంది.

"ఒసే గోరింకా! ఆ చెవులపిల్లికీ, జింకకీ, మొద్దు దున్నకీ, అందరికీ ఒకటే చెప్పు, తొలి వంతు నీదేనని. చీకట్లో పిల్లల్ని వెంటేసుకుని ఎవరికి వాళ్ళే వస్తారు. అప్పుడు తొలి వంతు నాది! హిహ్హిహ్హీ!" నవ్వు కూడా వదల్లేదు.

ఎన్నిక రోజున వరాలు ఆ గోరింకని అందరి ముందూ నిలబెట్టి మొదటినుంచీ చెప్పించింది. భూపతి మండిపడ్డాడు. "ఇదంతా తాబేలు కుట్ర! ఆ గొంతు నాది కాదు!"

"ఆ గొంతు నాది కాదు!" అంది గోరింక, అదే గొంతుతో.

అడవంతా పగలబడి నవ్వింది. సోమయ్యే గెలిచాడు. తోడేలుకీ ఒక వంతిచ్చాడు. మిట్టమధ్యాహ్నం, అందరూ చూస్తుండగా. వరాలు పిల్లలు పొద్దున్నే, తమ వంతుకి, కడుపునిండా తాగారు.

నీతి: నీ ఒక్కడి చెవిలోనే తీపిమాట చెప్పి ఓటడిగేవాడి మాటని నలుగురిలో పెట్టి, మొదటినుంచీ విను.